ఒడ్డున ఒకరుండాలి

నిద్రపోతున్నాడండి, అని శోభనాద్రి ఫోన్‌లో చెప్పాడు. ఆ తర్వాత గాలి హోరు, ఆ తర్వాత ఏమీ లేదు. మళ్ళీ చేశాను. అందుబాటులో లేరని ఆ రికార్డు గొంతు మూడు భాషల్లో ఓపిగ్గా చెప్పింది. నిద్రపోతున్నాడు. రాత్రంతా వల లాగిన మనిషి పొద్దెక్కాక పడవలో నిద్రపోతే అందులో వింతేముంది, పైగా పోటు వస్తే గానీ కాలువ సముద్రంలో కలిసే మొగ దాటి లోపలికి రాలేమని వాళ్ళు సముద్రంలోనే లంగరేసి కూర్చున్నారు, చేయడానికి పనేమీ లేదు, నిద్రపోక ఏం చేస్తాడు. ఇంకెవరైనా అయితే ఆ మాట విని స్థిమితంగా టీ తాగేవాళ్ళు. నేను మాత్రం ఇరవై ఏళ్ళుగా నిద్రపోతున్నాడనుకున్నామండీ అన్న మాటతో మొదలయ్యే కథలే వింటున్నాను. తలనొప్పన్నాడండీ, మాత్ర వేసుకున్నాడండీ, అలిసిపోయాడు కదా లేపడమెందుకని ఊరుకున్నామండీ, గురక పెడుతుంటే బాగా నిద్రపట్టిందనుకున్నామండీ. ఆ గురక నిద్ర గురక కాదని చెప్పే పని ఎప్పుడూ నాకే పడుతుంది. గురక పెడుతున్నాడా అని శోభనాద్రిని అడగాల్సింది. లేపి పేరు చెప్పమనండి, రెండు చేతులూ పైకెత్తమనండి అని చెప్పాల్సింది. పడవ నడిపే మనిషి, చెబితే చేసేవాడే. నేను చెప్పిందల్లా ఒక్కటే, లంగరు లాగేటప్పుడు రాముని చెయ్యి వేయనివ్వకండి అని. అదైనా విన్నాడో లేదో.

గిలకలదిండి హార్బర్‌లో ఐసు షెడ్డు నీడన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ రత్నకుమారి ఎక్కణ్ణుంచో తెచ్చి వేసింది. తను మాత్రం తిరగేసిన చేపల ట్రే మీద కూర్చుంది. రాము తన మరిది, ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాడు. మొగ ఇక్కడికి కనపడదు. కాలువ వంపు తిరిగేదాకానే చూపు ఆనుతుంది, ఆ తర్వాత మడచెట్లు, వాటి మీద తెల్లటి ఎండ. ఆ వంపులోంచి పడవ ముక్కు కనపడాలి. మొగలో ఇసుక మేట వేసిందండి, నీళ్ళు పెరగాలండి, ఇంకో గంట పడుద్దండి, అంటుంది రత్నకుమారి. నిన్న సాయంత్రం విజయవాడలో, మా పరిశోధన విభాగంలో, రాము మెదడులోని రక్తనాళాలని కంప్యూటర్ మీద అటూ ఇటూ తిప్పి చూస్తున్నప్పుడు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. రెండు నాళాలు కలిసే చోట గోడ ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు మీద ఇంకో చిన్న పొక్కు. పొక్కు మీద పొక్కు ఉందంటే గోడ అక్కడ మరీ పల్చబడిపోయిందన్నమాట. మేం దాన్ని అన్యూరిజమ్ అంటాం. పొద్దున్నే రత్నకుమారికి ఫోన్ చేసి, కంగారు పడకండి, రాముని ఒకసారి పంపండి అని మెత్తగా చెబుదామనుకున్నాను. నేను మొదలుపెట్టేలోపే తనే చెప్పింది, నాలుగు రోజుల కిందట వేటకి వెళ్ళే ముందు ఇంజన్ ఎత్తుతుంటే తల మీద ఎవరో కర్రతో కొట్టినట్టు నొప్పి వచ్చిందన్నాడండి, వాంతి కూడా అయింది, ఎండదెబ్బ అనుకున్నాం, మాత్ర వేసుకుని వెళ్ళిపోయాడండి అని. ఇంట్లో చెప్పులతోనే కారెక్కాను. అలాంటి నొప్పి ఒక్కోసారి ముందు కబురు. గోడ కాస్త చెమర్చి ఆగిపోతుంది. రెండోసారి ఆగుతుందని నేనే కాదు, ఎవరూ చెప్పలేరు.

చెమర్చడం అనే మాట నాన్నది. నాన్న ఏసుపాదం, పెదపారుపూడి దగ్గర పంట కాలువ మీద లస్కరు, గట్లూ నీళ్ళూ చూసుకునేవాడు. కాలువకి నీళ్ళు వదిలిన రోజుల్లో గట్టు వెంబడి నడుస్తూ గట్టుకి బయటివైపు చూసేవాడు, లోపలి వైపు కాదు. నీళ్ళు లోపల కదా నాన్నా ఉన్నాయి అని అడిగితే, గండి బయటే ముందు తెలుస్తుందమ్మా, మన్ను చెమరుస్తుంది అనేవాడు. నేను ఆయన వెనకే పరుగెత్తుతూ తడి కోసం వెతికేదాన్ని, ఎక్కడో గేదె పోసిన తడి చూసి గండి గండి అని అరిచేదాన్ని. నాన్న నవ్వేవాడు కాదు, వచ్చి వంగి చూసి, ఇది కాదులే, అయినా పిలవడం మంచిదే అనేవాడు. ఇప్పుడు ఉపన్యాసాలిచ్చేటప్పుడు నేను ఆ కాలువల్నే అరువు తెచ్చుకుంటాను. పంట కాలువలో నీళ్ళు బోదెల్లోకి, బోదెల్లోంచి చేలోకి, చేలోంచి మురుగు కాలువలోకి పోవాలి కదా. కొంతమందికి పుట్టుకతోనే మెదడులో ఒకచోట ఆ చేను ఉండదు. పంట కాలువ పోయి నేరుగా మురుగు కాలువలో పడుతుంది, ఆ ఉరవడికి అక్కడి నాళాలన్నీ ఉబ్బి మెలికలు పడి ఉండలా తయారవుతాయి. బంటుమిల్లి నుంచి అలాంటి పాప ఒకతి వచ్చింది, రొయ్యల చెరువుల వాళ్ళమ్మాయి. ఫిట్స్ వచ్చి తెచ్చారు. పాము చుట్టలా ఉన్న ఆ ఉండ బొమ్మ చూసి వాళ్ళ నాయనమ్మ చేతులు జోడించి, స్వామీ అంది, మోపిదేవి వెళ్ళి పాలు పోసి వచ్చాకే వైద్యమంది. వెళ్ళి త్వరగా రండి అన్నాను. వచ్చారు. పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పాలు పనిచేశాయా, మేం పనిచేశామా అని ధీరజ్ నవ్వుతాడు. ధీరజ్ మా డాక్టరు, తొడ దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం పంపి, తలలో ఆ ఉబ్బుని తీగచుట్టతో లోపలినుంచి పూడ్చేవాడు. వాడి చేతులు మంచివి. వాడి జోకులు మాత్రం వినలేం.

టీ తాగండి మేడమ్ గారూ, చల్లారిపోతుంది, అంటుంది రత్నకుమారి. తాగాను. ఐసు మర ఆగి ఆగి నడుస్తోంది, పక్కన ఆడవాళ్ళు ఎండుచేపలు తిరగేస్తున్నారు, నీలం వలల గుట్ట మీద కాకులు. డీజిలు వాసన, ఉప్పు వాసన. వంపు దగ్గర ఏమీ లేదు. అక్కడ చూడకూడదనుకుంటే ఇంకా అక్కడే చూడాలనిపిస్తుంది. ఆదివారాలు ఆరాధన అయ్యేలోపు అమ్మ వైపు చూడకుండా ఉండాలని నేను పందెం వేసుకునేదాన్ని, చిన్నప్పుడు, ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని. అమ్మ ముందు వరసలో నిలబడి పాడేది. గొంతు ఏమంత గొప్పది కాదు గానీ సిగ్గుపడేది కాదు. ఒక ఆదివారం పందెం ఓడి చూశాను. అమ్మ పాట మధ్యలో ఆగింది. తలలో ఏదో తెగినట్టుంది అంది పక్కావిడతో, కూర్చుంది, ఆవిడ భుజం మీదికి ఒరిగింది. అందరూ చుట్టూ చేరి ప్రార్థన చేశారు, నీళ్ళు చల్లారు, గురక వినబడుతోంది, నిద్రపట్టింది అని ఎవరో అన్నారు. నిద్రపట్టిందని నేనూ నమ్మాను. తర్వాత ఏడాది పొడుగునా అందరూ నాకు చెప్పిన మాట, మీ అమ్మ ఎంత అదృష్టవంతురాలమ్మా, దేవుని సన్నిధిలో పాడుతూ పాడుతూ వెళ్ళిపోయింది, ఎంత మంచి చావు అని. ఆ మంచి అనే మాటకి నాకు ఒళ్ళు మండిపోయేది. నేను పదో తరగతి, తమ్ముడు శామ్యూల్‌కి ఏడేళ్ళు. వాడికి నిక్కర్లు తొడగడం దగ్గర్నుంచి అన్నం పెట్టడం దాకా నా మీద పడ్డాక అందులో మంచి ఏముందో నాకు కనపడలేదు. పొక్కు చిట్లిందని తెలుసుకోవడానికి నాకు పదేళ్ళ చదువు కావలసి వచ్చింది. ఏ పొక్కు చిట్లుతుంది, ఏది నిండు నూరేళ్ళూ మెదలకుండా కూర్చుంటుంది అని తెలుసుకోవడానికి ఈ ఇరవై ఏళ్ళూ సరిపోలేదు. మనుషుల రక్తనాళాలకి అచ్చు పోసి సిలికాన్ గొట్టాలు చేస్తాం, వాటిలో ఎర్రనీళ్ళు గుండె కొట్టుకునే లెక్కన కొట్టించి, ఎక్కడ సుడి తిరుగుతుందో, ఎక్కడ గోడని ఒరుసుకుంటుందో చూస్తాం. నా జీవితమంతా సుడులు చూడడంలోనే గడిచిందని శామ్యూల్ వెక్కిరిస్తాడు. వాడి తలలోదీ ఒక గొట్టం చేశాను మరి. వాడికీ ఉంది. రెండేళ్ళ కిందట ధీరజే పూడ్చాడు. ఇప్పుడు వాడు గుడివాడలో జూనియర్ కాలేజీ పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు, శుభ్రంగా.

ఇవాళ వస్తుంటే పామర్రు దగ్గర గుడివాడ మలుపు రాగానే వాడికి ఫోన్ చేద్దామనుకుని చేయలేదు. చేస్తే వాడు ముందు అడిగేది ఒకటే, అక్కా, నువ్వెప్పుడు తీయించుకుంటావ్ అని. అమ్మకుంది, తమ్ముడికుంది. ఇలాంటి కుటుంబంలో మిగిలిన వాళ్ళందరూ స్కాన్ తీయించుకోవాలని ఊరూరా తిరిగి చెప్పేదాన్ని నేనే. మూడు జిల్లాల వాళ్ళకి చెప్పాను. అందరికీ తీయించాను. నాది తీయించుకోలేదు. పని ఉంది అన్నాను, మిషను ఖాళీ లేదు అన్నాను, పేషెంట్ల వంతు మనం ఎలా తీసుకుంటాం అని నీతులు కూడా చెప్పాను. ఒకసారి వాడు మరీ పట్టుబడితే, ఒరే, అందరం ఒకే పడవ ఎక్కితే ఎలారా, ఒడ్డున ఒకరుండాలి కదా అని నవ్వేశాను. ఆ మాట నాది కాదు. ఇదిగో, ఈ చేపల ట్రే మీద కూర్చున్నావిడ ఇంటి మాట. వాళ్ళు ప్రాణంగా పాటించేదాన్ని నేను సాకుగా వాడుకున్నాను.

ఆవిడని మొదటిసారి చూసింది మూడేళ్ళ కిందట. భర్త ధనరాజు, ఇంటికి పెద్దవాడు. సముద్రంలో వల లాగుతూ తల పట్టుకుని కూర్చుండిపోయాడు. పడవ తిప్పి బందరు తెచ్చి, అక్కణ్ణుంచి విజయవాడ తెచ్చేసరికి చేయడానికేమీ మిగల్లేదు. వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్న ఆవిడ దగ్గరికి వెళ్ళి, మీ అత్తవారింట్లో ఇలా ఇంకెవరైనా పోయారా అని అడిగాను. అప్పుడు అడగాల్సిన మాట కాదది, నాకు తెలుసు, కానీ అప్పుడు అడగకపోతే వాళ్ళు వెళ్ళిపోతారు, మళ్ళీ దొరకరు. ఆవిడ నన్ను తిట్టలేదు. మా మావయ్య గారు ఒడ్డు మీద వల బాగుచేసుకుంటూ పక్కకి ఒరిగిపోయారండి, అంది. అలా మొదలైంది. ఉన్న ఇద్దరు తమ్ముళ్ళకీ, గణపతికీ రాముకీ, స్కాన్ తీస్తామని చెప్పి వ్యాను పంపాను. డ్రైవరు శ్రీకృష్ణ పొద్దున్నే వెళ్ళి, మధ్యాహ్నం గణపతిని ఒక్కణ్ణే తెచ్చాడు. ఆరుగురు పట్టే బండి. రెండోవాడేడి అంటే రాలేదండి అన్నాడు. మొండితనమనుకున్నాను, భయమనుకున్నాను, చదువు లేకపోవడమనుకున్నాను, వరసగా అన్నీ అనుకుని చివరికి రత్నకుమారికి ఫోన్ చేసి విసుక్కున్నాను. అప్పుడు చెప్పింది. ఉప్పెన వచ్చిన ఏడు వాళ్ళ తాతగారూ ఆయన అన్నదమ్ములూ ముగ్గురూ ఒకే పడవలో వెళ్ళారట, ముగ్గురూ రాలేదు. ఒంటరిగా పిల్లల్ని పెంచిన ముసలావిడ, వాళ్ళ నాయనమ్మ, ఒట్టు పెట్టిందట, ఈ ఇంట్లో అన్నదమ్ములు అందరూ కలిసి ఒక పడవ ఎక్కకూడదు, ఒకడు ఒడ్డున ఉండాలి అని. అప్పట్నుంచీ ఎక్కలేదు. పెళ్ళికి వెళ్ళినా వేరువేరు బస్సుల్లోనే. మీ స్కానూ పడవేనండి వాళ్ళకి, అందరూ కలిసి ఎక్కరు, అంది. నాకు నవ్వు రాలేదు. ఈ ఇల్లు నా పరిశోధనకంటే ముందే ఈ లెక్క వేసుకుందనిపించింది. సరే, విడివిడిగా పంపండి అన్నాను. గణపతిది తీస్తే అతని తలలోనూ ఉబ్బు కనపడింది, పూడ్చడానికి తేదీ ఇచ్చాం. రాము ఇదిగో, మొన్న మొన్న, వేట విరామం దొరికితే వచ్చాడు. మిషన్‌లో పడుకోబెడుతుంటే లోపల నెట్‌వర్క్ వస్తుందా మేడమ్ అని అడిగాడు. ఆ కుర్రాడు నాకు నచ్చాడు. అందుకే నిన్న ఆ పొక్కు చూసినప్పుడు మామూలుగా చూసినట్టు చూడలేకపోయాను. నచ్చినవాళ్ళది చూస్తే బొమ్మ బొమ్మలా కనపడదు, అదే నా చిక్కు. రేపు తెరమీద నా తలే ఉంటే, దానిలో ఒక మూల ఉబ్బుంటే, ఆ తర్వాత ఎవరి బొమ్మ చూసినా నాదే కనపడుతుంది, ఇంక నేను దేనికీ పనికిరాను. ఇది కూడా సాకే. అసలు సంగతి భయం. అమ్మ పక్కావిడ భుజం మీదికి ఒరిగినప్పటి భయం, అంతే.

ఒకసారి రత్నకుమారితో మాటల్లో అమ్మ సంగతీ శామ్యూల్ సంగతీ చెప్పాను. మాది కూడా మీలాంటి ఇల్లేనండి అని ధైర్యం చెప్పడానికి. మరి మీరు తీయించుకున్నారా అండీ, అని అడిగింది. అవుతుందిలెండి అన్నాను. చేప మొప్ప ఎత్తి చూసినట్టు నా మొహం ఒకసారి చూసి, ఇంక అడగలేదు.

ఫోన్ మోగింది. ధీరజ్. గణపతి వార్డులో చేరాడు, రేపు పొద్దున్నే అతనిది. రాముని ఇవాళే తీసుకొచ్చేయండి, ఆలస్యం వద్దు, గణపతిది అవగానే రేపే ఇతనిది కూడా చేసేద్దాం, అన్నాడు. జోకేమీ వేయలేదు. సరే అని పెట్టేశాక గానీ తట్టలేదు, గణపతి ఎక్కాడు కదా. ఆసుపత్రి ఒకటే, డాక్టరు ఒకడే, బల్ల కూడా ఒకటే. రాము రాడు. అసలు రాము లేచే స్థితిలో ఉంటే కదా, రావడం రాకపోవడం. దేవా, ముందు లేవనీ. లేచాక రానని మొండికేసినా ఫర్వాలేదు, మొండికేసేంత ప్రాణంతో ఉంచు. ప్రార్థన చేసి చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది. ప్రార్థన అంటే నాకు ఆ ఆదివారమే గుర్తొస్తుంది, చుట్టూ చేరిన జనం, నీళ్ళు చల్లడం. మనుషులు పాపం చేతనైనంత చేశారు. నేను వాళ్ళ మీద ఇన్నేళ్ళు కోపం పెట్టుకున్నాను గానీ ఆ పల్లెలో అప్పుడు వాళ్ళు ఇంకేం చేయగలరు. రత్నకుమారి కొంగు తల మీదికి లాక్కుంది. తన పెదాలు కూడా కదులుతున్నాయి. మోపిదేవి స్వామికి గణపతి కోసం ఇప్పటికే మొక్కుకుంది, ఇప్పుడు రాముని కూడా అందులో కలుపుతోంది కాబోలు. ఒకేసారి ఇద్దరి పేర్లూ చెబుతోందా, వేరువేరుగా చెబుతోందా అని నాకు పిచ్చి ఆలోచన వచ్చింది.

నీళ్ళు తిరిగాయండి, అంది. నాకు తేడా ఏమీ కనపడలేదు. గుంజకి అంటిన పాకుడు కాస్త మునిగిందట. ఆ తర్వాత చాలాసేపటికి మడచెట్ల వెనక ఇంజన్ చప్పుడు, ముక్కు, ఆ వెనక పడవ. కుర్చీ ఎప్పుడు వదిలి లేచానో తెలియదు. చుక్కాని దగ్గర శోభనాద్రి. ముందు వైపు తాడు పట్టుకుని ఇద్దరు, వాళ్ళలో రాము లేడు. వెనక ఇంకొకడు నీళ్ళు తోడుతున్నాడు, వాడూ కాదు. వలల కుప్ప మీద ఒక మనిషి, మొహం మీద తువ్వాలు. ఇంత చప్పుడులో, ఇంత ఎండలో కదలడం లేదు. పడవ ఒడ్డుని తాకీ తాకకముందే ఎక్కాను. చేపల పొలుసుకి కాలు జారితే ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఇంకా లేవలేదండి, మీరు చెప్పారు కదా అని పని చెప్పలేదు, అంటున్నాడు శోభనాద్రి. మోకాళ్ళ మీద కూలబడి తువ్వాలు తీశాను. గురక లేదు. గురక లేకపోవడం మంచిదో చెడ్డదో, ఇరవై ఏళ్ళ చదువూ ఎక్కడికి పోయిందో, ఒక్క ముక్క గుర్తురాలేదు. రామూ, అన్నాను. అమ్మా అని నేను పిలిచి ఉంటే అప్పుడు అమ్మ లేచేదా. రామూ.

కళ్ళు తెరిచాడు. ఎండకి మళ్ళీ మూశాడు. మేడమ్ గారా, అన్నాడు, మీరేంటండీ ఇక్కడ.

రెండు చేతులూ ఎత్తమన్నాను. ఎత్తాడు. నవ్వమన్నాను. నన్ను చూసి పడవలో అందరూ నవ్వుతున్నారు, వాడూ నవ్వాడు, రెండు వైపులా సమానంగా. నల్లగుడ్లు రెండూ ఒకటిగానే ఉన్నాయి. మెడ వంచమంటే మాత్రం మొహం ముడిచాడు, పట్టేసిందండి, నాలుగు రోజుల్నుంచీ అన్నాడు. అయితే చెమర్చిందన్నమాటే. చెమర్చి ఆగింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. రాము కంగారుపడి తువ్వాలు నాకే ఇవ్వబోయాడు, అది చేపల వాసన, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. తలలో ఏముందో, ఆ నొప్పి దేనికి వచ్చిందో, మళ్ళీ వస్తే ఏమవుతుందో, ఇవాళే నాతో రావాలని, రేపే పూడ్చేస్తారని. బుద్ధిగా విన్నాడు. భయపడ్డాడు కూడా, గొంతులో తెలుస్తోంది. తర్వాత నేననుకున్నదే అన్నాడు.

"అన్నయ్య అక్కడే ఉన్నాడు కదండీ. అన్నయ్య ఎక్కాడు. దిగి ఇంటికొచ్చాక నేనెక్కుతాను."

గణపతి కోలుకుని ఇంటికొచ్చేదాకా ఆగడానికి లేదని చెప్పాను. ఇది పడవ కాదని చెప్పాను. లెక్కలు చెప్పాను, వందమందిలో ఎందరికి అని. తల ఊపుతూ విని, "పెద్దన్నయ్య పోయినప్పుడు మేం ఇద్దరం ఒడ్డున ఉన్నాం కాబట్టే ఈ ఇల్లు నిలబడిందండి" అన్నాడు. అది నిజం. అదే మాట చెప్పుకుని రెండేళ్ళుగా ఒడ్డున కూర్చున్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని ఇతన్ని పడవ ఎక్కమంటాను. వల కన్నుల్లోకి వేలు దూర్చి తీస్తూ కూర్చున్నాను.

రత్నకుమారి అంతసేపూ ఒడ్డు మీదే నిలబడి ఉంది. గొంతు పెంచకుండానే పిలిచింది, రామూ, ఇటు చూడు అని.

"మీ పెద్దన్నయ్యకి వచ్చింది నీళ్ళలోంచి కాదు. మావయ్య గారు ఒడ్డు మీద కూర్చునే పోయారు. తలలో ఉన్నదానికి ఒడ్డేంటి?"

"మరి ఇద్దరం ఎక్కితే ఇంటికెవరు వదినా?"

"ఇన్నాళ్ళూ ఒడ్డున ఎవరుంటున్నారనుకున్నావు? మీరు లేనప్పుడు పిల్లలకి అన్నం ఎవరు పెట్టారు? నేనున్నాను. ఇద్దరూ ఎక్కండి."

రాము ఆవిడ వైపు చూశాడు. ఆ ముసలావిడ ఒట్టు పెట్టినప్పుడు కూడా ఒడ్డున ఉన్నది ఆవిడే కదా, మగవాళ్ళందరూ పోయాక పిల్లల్ని పెంచింది ఆవిడే కదా, మరి ఒడ్డున ఉండాల్సిన వాళ్ళ లెక్కలో తనని తాను ఎందుకు వేసుకోలేదో. ఎవరూ వేయలేదు. నా కాగితాల్లో నేనూ వేయలేదు, రత్నకుమారిది ఆ ఇంటి రక్తం కాదు కాబట్టి. రాము లేచి నిలబడ్డాడు. తాడు అందుకోబోతే శోభనాద్రి గట్టిగా కసిరాడు. ఉత్త చేతులతో మెల్లగా దిగాడు.

కారు వెనక సీట్లో వాణ్ణి పడుకోబెట్టాం. వదిన తెచ్చిన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఇవాళ కూడా నన్ను తీసుకొచ్చిన శ్రీకృష్ణ వెనక్కి తిరిగి, ఈసారైనా నా బండికి ఇంకొకరు దొరికారు అన్నాడు. నేను ముందు కూర్చుని తలుపు వేసుకోబోతుంటే రత్నకుమారి తలుపు మీద చెయ్యి వేసింది. ఎండలో నిలబడి నిలబడి మొహం కమిలిపోయి ఉంది. నా కళ్ళలోకి చూడలేదు, తలుపుకి అంటిన మట్టి తుడుస్తూ చెప్పింది.

"మీరూ ఎక్కండి మేడమ్ గారూ. ఒడ్డున నేనుంటానన్నాను కదా. మీక్కూడా ఉంటాను."

ఏం చెప్పానో గుర్తులేదు. చెయ్యి పట్టుకున్నాననుకుంటాను. బందరు దాటాం. రోడ్డుకి రెండు వైపులా ఊడ్పులైన చేలు, కాలువలో నిండుగా నీళ్ళు. శ్రీకృష్ణని గుంతల దగ్గర మెల్లగా పోనిమ్మని చెబుతున్నాను, వాడు చెప్పకముందే మెల్లగా పోతున్నాడు. కాసేపటికోసారి వెనక్కి తిరిగి రామూ అంటున్నాను, వాడు ఊఁ అంటున్నాడు. కాసేపాగి మళ్ళీ రామూ, మళ్ళీ ఊఁ. నిద్రపోనివ్వరా మేడమ్ అన్నాడు చివరికి. నిద్రపోవద్దు, మాట్లాడుతూ ఉండు అన్నాను. సరే అని వాడి ఫోన్‌లో పాటలేవో పెట్టుకున్నాడు, సన్నగా తనూ పాడుతున్నాడు. గొంతు ఏమంత గొప్పది కాదు.

పామర్రు దగ్గర గుడివాడ మలుపు బోర్డు కనపడింది. ఫోన్ తీశాను. శామ్యూల్ క్లాసులో ఉంటాడేమో అనుకున్నాను గానీ ఎత్తాడు. చెప్పక్కా, అన్నాడు, వెనక పిల్లల గోల వినబడుతోంది. రేపు నాకు స్కాన్ తీయిస్తున్నాన్రా, అన్నాను. పిల్లల గోల దూరమైంది, వరండాలోకి వచ్చినట్టున్నాడు. ఎందుకిప్పుడు, ఏమైంది, ఇన్నాళ్ళూ లేనిది అని అడుగుతాడని చూశాను. వాడు అవేమీ అడగలేదు.

"బస్సెక్కుతున్నానక్కా" అన్నాడు.